రెక్కల బండికి పొట్టి హోస్

నేను ఉద్యోగం మానేసిన రోజున, అల్ రాయ్ షోరూమ్ పై అంతస్తులో కేకు కోయించి, నా గురించి నలుగురు మాట్లాడారు. నలుగురూ చెప్పింది ఒకటే. మేడమ్‌కి అరవైల నాటి బళ్ళ పార్టు నంబర్లన్నీ నోటికి వచ్చు, కేటలాగు తెరవకుండా చెప్పేస్తారు అని. చప్పట్లు కూడా కొట్టారు. కువైట్‌లో పాత జర్మనీ కార్లు పెట్టుకున్నవాళ్ళ మధ్య ఇప్పటికీ ఈ కథే నడుస్తోందట.

ఇది అబద్ధం. పొగడ్తే కదా అని ఊరుకునేదాన్నే. కానీ ఈ పొగడ్తను నేను కూడా నమ్మిన రోజుల్లో ఒక చిన్నపిల్ల నుదుటికి కుట్లు పడ్డాయి, ఒక మంచి పనివాడి ఉద్యోగం పోబోయింది. స్పేర్ పార్ట్స్ కౌంటర్ వెనక నిలబడబోయే పిల్లలెవరైనా ఈ కథ విని నాలాగా కావాలనుకుంటారేమోనని భయపడి రాస్తున్నాను. నా ప్రమోషన్లు, సర్టిఫికెట్లు ఇందులో ఉండవు. వాటివల్ల నేను నేర్చుకున్నది లేదు.

తోక మీది అంకె

ఇంకో కథ కూడా చెబుతారు. అరవైలలో ఆ జర్మనీ కార్ల కంపెనీ చేసినవి మూడే రకాలని, షేకులకు పెద్దది, కుర్రకారుకు రెండు సీట్లది, మిగతావాళ్ళకు మధ్యరకం అని. హవల్లీలో మా ఎదురు ఫ్లాటాయన, చదువుకున్న ఇంజనీరే, మా ఇంట్లో మా కాఫీ తాగుతూ నాకీ పాఠం చెప్పాడు. నేను రోజూ ఆ బళ్ళ పార్టులే ఇస్తానని తెలిసి మరీ చెప్పాడు. ఆడదానికి కార్ల గురించి చెప్పే అవకాశం వస్తే మగవాళ్ళు అంత తేలిగ్గా వదులుకోరు.

అసలు సంగతి ఇది. ఆ దశకం మొదట్లో వచ్చినవి వెనక రెండు పక్కలా చిన్న రెక్కలు లేచి ఉండే బళ్ళు. అవి సోకు కోసం పెట్టారని అందరూ అంటారు. కంపెనీ పుస్తకంలో మాత్రం వాటిని రెక్కలనలేదు. బండిని వెనక్కి నడిపేటప్పుడు దాని చివర ఎక్కడుందో డ్రైవరుకు తెలియడానికి పెట్టిన గుర్తులవి అని రాశారు. ఈ రెక్కల బళ్ళలో పొట్టి ముక్కుకు గుండ్రటి దీపాలు, పొడుగు ముక్కుకు నిలువు అద్దాల దీపాలు. మధ్యలో మనుషులు కూర్చునే పెట్టె రెండింటికీ ఒకటే. స్పీడోమీటరు థర్మామీటరులాగా నిలువుగా లేస్తుంది. పొట్టి ముక్కువాటిలో డీజిల్‌వి చాలా ఊళ్ళలో టాక్సీలుగా అరిగిపోయాయి. కిటికీ అద్దం చేత్తో తిప్పుకోవాలి, స్టార్ట్ చేస్తే వీధంతా లేస్తుంది. షేకుల బండి అనే పేరు వీటిని చూడనివాళ్ళు పెట్టింది.

తరువాత రెండు సీట్లది వచ్చింది. దాని పైకప్పు మధ్యలో పల్లంగా, అంచుల్లో ఎత్తుగా ఉంటుంది. ఆపైన ఒక మహాకాయం వచ్చింది. దాని సీట్లూ అద్దాలూ నూనె ఒత్తిడితో కదులుతాయి. నా ఉద్యోగమంతటిలో దాన్ని రెండుసార్లే చూశాను, రెండుసార్లూ నూనె కారుతోంది. దశకం నడిమిలో పెద్ద బళ్ళకు రెక్కలు తీసేశారు. చివర్లో చిన్న బళ్ళకూ కొత్త ఒళ్ళు వచ్చింది, తిన్నగా, నిరాడంబరంగా.

ఇక్కడే చిక్కు. తోక మీద రాసే అంకె బండి ఏ రకమో చెప్పదు, ఇంజను ఎంతదో చెబుతుంది. రెండు వందల ముప్పై అనే ఒక్క అంకెనే నాలుగు రకాల బళ్ళు మోశాయి. వాటిలో రెండింటికి అంకె పక్కన అక్షరాలుంటాయి కనుక తెలిసిపోతుంది. మిగిలిన రెండింటికీ ఉత్త అంకె. ఒకటి రెక్కల బండి, ఇంకోటి కొత్త ఒంటి బండి. అరవై ఎనిమిదిలో పాతది వెళ్ళిపోతుంటే కొత్తది వచ్చింది. అంటే అదే ఏడు, అదే అంకె, రెండు వేరువేరు బళ్ళు. వాటిని వేరుచేసి చెప్పేది ఇంజను గదిలో బిగించిన చిన్న ప్లేటు మీది చాసిస్ నంబరు. అందులో మొదటి మూడంకెలు చూస్తే చాలు, ఏ బండో తేలిపోతుంది.

దీన్ని గుర్తుపెట్టుకోండి. నేను మరిచిపోయింది దీన్నే.

ఫిల్ము రేకులు

నేను విజయవాడలో ఫిజిక్స్ చదివాను. మావారి ఉద్యోగం వెంట కువైట్ వచ్చి, తొంభైల నడిమిలో ఆ జర్మనీ కార్ల డీలరు దగ్గర పార్ట్స్ కౌంటర్‌లో చేరాను. కౌంటర్‌లో ఆరుగురం, ఆడదాన్ని నేనొక్కదాన్నే. అప్పుడే కంప్యూటర్లు వచ్చాయి. మగవాళ్ళు ఐదుగురూ వాటి ముందు కూర్చున్నారు. నాకు మిగిలింది మూలనున్న ఫిల్ము యంత్రం. అరచేయంత ఫిల్ము రేకు మీద చీమల్లాంటి అక్షరాలతో కేటలాగు పేజీలుంటాయి. దాన్ని గాజుపలకల మధ్య పెట్టి దీపం వేస్తే తెర మీద పెద్దగా కనిపిస్తుంది. మా దగ్గర అరవైల బళ్ళన్నీ ఆ రేకుల్లోనే ఉండేవి, కంప్యూటరులోకి ఎక్కలేదు. కళ్ళు లాగుతాయి, మెడ పట్టేస్తుంది. అందుకే అది నాకొచ్చింది.

వాళ్ళకు తెలియకుండా నాకు మేలు చేశారని ఇప్పుడు అనిపిస్తుంది. కొత్త బండికి పార్టు ఇవ్వడం ఎవరైనా చేస్తారు. ముప్పై ఏళ్ళ బండికి పార్టు వెతకడమంటే ఆ బండి ఎలా పుట్టిందో, ఏ నెలలో ఏ బోల్టు మార్చారో చదవడం. నాకు అది నచ్చింది. రెండేళ్ళు తిరిగేసరికి పాత బండి ఎవరు తెచ్చినా నా దగ్గరికే పంపేవారు. మూడో ఏడు వచ్చేసరికి కొన్ని నంబర్లు నోటికి వచ్చేశాయి. ఒకసారి ఒక కువైటీ పెద్దమనిషి ముందు, తెర వైపు చూడకుండా ఒక రబ్బరు వాషరు నంబరు చెప్పేశాను. ఆయన ఆశ్చర్యపోయి పక్కవాళ్ళకు చెప్పాడు. నా పతనం ఆ వాషరుతో మొదలైంది.

మా పార్ట్స్ మేనేజరు ముస్తఫా అనే ఈజిప్టు ఆయన. గొంతు పెద్దది, కోపం పెద్దది, అన్యాయం మాత్రం చేసేవాడు కాదు. ఒక్క విషయంలో నాకూ ఆయనకూ పడేది కాదు. ఆడవాళ్ళు వర్క్‌షాప్‌లోకి వెళ్ళకూడదనేవాడు. రాసిపెట్టిన రూలు కాదు, ఆయన మర్యాద. బండి వర్క్‌షాప్‌లో ఉంటుంది, దాని జాబ్ కార్డు నా దగ్గరికి వస్తుంది. కార్డు మీద రాసిందే నాకు బండి. మొదట్లో దీని మీద పోట్లాడాను. తరువాత మానేశాను. ఏసీ గదిలో కూర్చుని అన్నీ తెలిసినదాన్నని అనిపించుకోవడం హాయిగా ఉండేది మరి.

కూసింత పొట్టి

సూర్యారావు గారు వర్క్‌షాప్‌లో బ్రేకుల మెకానిక్కు. అమలాపురం దగ్గర పల్లెటూరు. నాకంటే పదేళ్ళు పెద్ద. అప్పట్లో నేను ఆయన్ని సూర్యారావ్ అనేదాన్ని, గారు లేకుండా. ఆయన నన్ను మేడమ్ గారండీ అనేవారు. తుఫానులో వాళ్ళ కొబ్బరితోట మొత్తం పడిపోయింది. కొత్త మొక్కలు కాపుకొచ్చేదాకా ఊళ్ళో ఇంటిల్లిపాదికీ ఆయన జీతమే ఆధారమని అందరికీ తెలుసు.

ఒక రోజు ఆయన పంపిన జాబ్ కార్డు వచ్చింది. రెండు వందల ముప్పై, అరవై ఎనిమిది, ముందు చక్రాల బ్రేకు హోసులు రెండు, అంటే చక్రాలకు బ్రేకు నూనె చేరవేసే రబ్బరు గొట్టాలు. చాసిస్ నంబరు రాయాల్సిన గడి ఖాళీ. అది అడగాలి. అడగకుండా పార్టు ఇవ్వకూడదు. ఆ సంవత్సరం, ఆ అంకె అనగానే నా తలలో కొత్త ఒంటి బండి మెదిలింది, ఎందుకంటే మా దగ్గరికి ఎక్కువగా వచ్చేవి అవే. ఫిల్ము యంత్రం దీపం కూడా వేయలేదు. నంబరు నోటికి చెప్పేశాను, హోసులు ఇప్పించేశాను.

అరగంటకు సూర్యారావు గారు స్వయంగా వచ్చారు. ఒక చేతిలో పాత హోసు, ఇంకో చేతిలో కొత్తది. కౌంటర్ దగ్గర ఇద్దరు కస్టమర్లున్నారు, మావాళ్ళు ఇద్దరున్నారు.

"మేడమ్ గారండీ, ఇది కూసింత పొట్టిగా ఉందండి. పక్కపక్కన పెట్టి చూశానండి. ఈ బండేమో రెక్క..."

నేను ఆ మాట పూర్తి కానివ్వలేదు.

"పాతది ముప్పై ఏళ్ళు లాగి లాగి సాగిపోయింది సూర్యారావ్. కేటలాగు రాసిన జర్మనీవాళ్ళ కంటే నీ బెత్తెడు కొలత ఎక్కువా? వెళ్ళి బిగించు."

మావాళ్ళు నవ్వారు. ఆయన రెండు హోసుల వైపూ ఒకసారి చూసుకుని, "ఆయ్, అలాగేనండి," అని వెళ్ళిపోయారు.

బ్రేకు హోసు సాగదు. సాగకుండా ఉండడానికే దాని లోపల అల్లిక ఉంటుంది. ఈ ముక్క ఆయనకూ తెలుసు, ఫిజిక్స్ చదివిన నాకూ తెలుసు. నోటికి ఏదొస్తే అది అనేశాను, అది వినడానికి బాగుంది, ఇద్దరూ నవ్వారు. ఆ కేటలాగును ఆ రోజు నేను తెరవనైనా తెరవలేదని అక్కడ నాకొక్కదానికే తెలుసు.

రెండు రోజులు

ఆ బండి యజమాని అబూ సాలెం అనే ముసలాయన. శుక్రవారాలు మాత్రమే దాన్ని బయటికి తీసేవాడు, మనవరాలిని పక్కన కూర్చోబెట్టుకుని. హోసులు మార్చిన నెలకు, తన ఇంటి గేటులోకి బండిని పూర్తిగా తిప్పుతుండగా బ్రేకు పెడలు కిందికి దిగిపోయింది. గేటు స్తంభానికి గుద్దాడు. వెనక చక్రాల బ్రేకులు వేరే గొట్టం మీద ఉన్నాయి కనుక కొంత ఆగింది, లేకపోతే ఇంకెంత జరిగేదో. ఏడేళ్ళ పిల్ల నుదురు ముందున్న డాష్‌బోర్డు చెక్కకు కొట్టుకుంది. మూడు కుట్లు.

బండిని వర్క్‌షాప్‌కి లాక్కొచ్చారు. ముందు హోసు నట్టు దగ్గర చీలి ఉంది. మెకానిక్కు మెలిపెట్టి బిగించాడని వర్క్‌షాప్ సూపర్‌వైజరు రాశాడు. సూర్యారావు గారిని అడిగితే, బిగించింది నేనేనండి అన్నారట, అంతే. ఆ వారం చివరికి ఖలాస్, ఇఖామా, అంటే దేశంలో ఉండే అనుమతి, రద్దు చేసి ఇంటికి పంపించేస్తారని మాట కౌంటర్ దాకా వచ్చింది. బ్రేకుల్లో తప్పు చేసి వెళ్ళినవాణ్ణి కువైట్‌లో ఇంకే వర్క్‌షాపూ తీసుకోదు.

ఆ మాట విన్నాక ఫిల్ము యంత్రం దీపం వేశాను. రెక్కల బండి పేజీ, కొత్త బండి పేజీ. రెండు హోసులు, రెండు నంబర్లు. తేడా నా బొటనవేలి గోరంత కూడా ఉండదేమో. కానీ చక్రం పూర్తిగా తిరిగినప్పుడు ఆ గోరంతే కావాలి. అది లేక హోసు తీగలాగా బిగుసుకుని, తిప్పిన ప్రతిసారీ నట్టు దగ్గర కొంచెం కొంచెం నలిగింది.

వెంటనే వెళ్ళి చెప్పానని రాస్తే బాగుండేది. వెళ్ళలేదు. రెండు రోజులు ఊరుకున్నాను. ఎదురు ఫ్లాటాయన నుంచి మావారిదాకా అందరితో వాదించేదాన్ని, నోరున్నదాన్నని పేరున్నదాన్ని, ఆ రెండు రోజులు నోరు పెగల్లేదు. కార్డులో చాసిస్ నంబరు రాయకపోవడం వర్క్‌షాప్ తప్పే కదా అనుకున్నాను. పొట్టిగా ఉందని తెలిసీ ఎందుకు బిగించాలి అనుకున్నాను. ఈ రెండోది అనుకున్నప్పుడు నా మీద నాకే అసహ్యం వేసింది. బిగించమన్నది నేను.

మూడో రోజు పొద్దున రెండు పేజీలూ కాగితం మీదికి తీసుకుని ముస్తఫా గదికి వెళ్ళాను. అంతా విని ఆయన అరవలేదు. అరిస్తే బాగుండు అనిపించింది.

"చాసిస్ నంబరు ఎందుకు అడగలేదు?"

"నాకు నోటికి వచ్చనుకున్నాను."

"సూర్యారావు నీతో ఏమీ అనలేదా?"

"అన్నాడు. పొట్టిగా ఉందని వచ్చి చూపించాడు. నేనే నోరు మూయించాను, నలుగురిలో."

ఆయన సూపర్‌వైజరు రాసిన కాగితం తీసి మళ్ళీ చదివాడు. "ఆ మాట అతను ఎక్కడా చెప్పలేదే," అన్నాడు. "రెండుసార్లు అడిగాను. నేనే బిగించాను అన్నాడు తప్ప నీ దగ్గరికి వచ్చానని చెప్పలేదు."

అది నాకు తెలియదు. ఆయన చెప్పే ఉంటారని, అయినా మేనేజర్లు నమ్మలేదని అనుకుంటూ వచ్చాను. ఇంకో రెండు రోజులు నేను తలుపు తట్టకపోతే ఆయన అలాగే విమానం ఎక్కేసేవారు.

ముస్తఫా ఆ కాగితాన్ని చింపి లేచాడు. బండి యజమానికి నువ్వే చెప్పాలి, యల్లా, నడు అన్నాడు. నన్ను మూడేళ్ళు వెళ్ళనివ్వని వర్క్‌షాప్‌లోకి ఆయనే ముందు నడుస్తూ తీసుకెళ్ళాడు.

ప్లేటు

అబూ సాలెం మధ్యాహ్నం వచ్చాడు, మనవరాలిని వెంటబెట్టుకుని. పిల్ల నుదుటి మీద తెల్లటి పట్టీ. నేను జరిగింది చెప్పాను, నాకొచ్చిన అరబ్బీలో, రానిచోట ముస్తఫా అందుకున్నాడు. ముసలాయన, "నాకు కాదు, దానికి చెప్పు," అని మనవరాలిని చూపించాడు. నేను వంగి ఆ పిల్లకు చెప్పాను. తప్పు నాది, ఈ మెకానిక్ మామది కాదు, నన్ను క్షమించు అని. జీవితంలో చాలామందితో మాట్లాడాను. అంత కష్టమైన మాట ఇంకొకటి లేదు.

పిల్ల అడిగింది, నీకు ఎలా తెలియకుండా పోయింది అని.

సూర్యారావు గారు బానెట్ ఎత్తారు. ప్లేటు ఉండాల్సిన చోట బండి రంగే ఉంది, లేత పచ్చ. ఎప్పుడో రంగు వేయించినప్పుడు దానిమీద కూడా వేసేశారు. అందుకే కార్డులో గడి ఖాళీగా వచ్చింది. ఆయన ఒక గుడ్డముక్క, డబ్బామూతలో కాస్త థిన్నరు నా చేతికిచ్చి పక్కకు జరిగారు. నేను రుద్దాను. పచ్చ కరిగి, కింద వెండి కనిపించి, అంకెలు ఒక్కొక్కటే పైకొచ్చాయి. పిల్ల తాత చెయ్యి పట్టుకుని మునివేళ్ళ మీద నిలబడి చదివింది, ఒకటి, ఒకటి, సున్నా.

"ముప్పై ఏళ్ళ నుంచి నా దగ్గరుంది," అన్నాడు అబూ సాలెం. "దీని నంబరు నేనెప్పుడూ చూడలేదు. ప్లేటు మీద కూడా రంగు వేసేయండి, అంతా ఒకేలా ఉంటుందని చెప్పింది నేనే." తరువాత, బండిని ఈ మనిషే బాగుచేయాలి, ఇంకెవరూ ముట్టుకోవద్దు అని సూర్యారావు గారి వైపు చూపించాడు.

ఆయన ఆ మాట అనకపోయినా ఉద్యోగం నిలబడేదేమో. కానీ అన్నాడు, అందరూ వింటుండగా అన్నాడు. అందుకు ఆయనకు ఈనాటికీ రుణపడి ఉన్నాను. ముస్తఫాకు కూడా. నా జీతంలో ఆ ఏడు పెంపు లేకుండా చేశాడు, అది న్యాయం. కౌంటర్ నుంచి మాత్రం తీయలేదు. బండిని ఇంకెప్పుడూ కార్డు మీద చూడకు, వెళ్ళి కళ్ళతో చూడు అన్నాడు. ఆ తరువాత వర్క్‌షాప్ తలుపు నాకెవరూ వేయలేదు.

మర్నాడు కౌంటర్ దగ్గర, ఆ రోజు నవ్విన ఇద్దరి ముందే, సూర్యారావు గారికి క్షమాపణ చెప్పాను. ఆయన ఇబ్బంది పడిపోయారు. "ఎందుకండీ ఇయ్యన్నీ, పొడుగు హోసు ఇప్పించండి, బండి ఎదురు చూత్తంది," అన్నారు. ఆ రోజు నుంచే నాకు గారు అనడం వచ్చింది.

మీకు చెప్పేది

ఇప్పుడు కంప్యూటరులో బండి సంవత్సరం, తోక మీది అంకె కొడితే బండి బొమ్మ వచ్చేస్తుంది. బొమ్మ వచ్చింది కనుక అదే బండి అనుకోకండి. ప్లేటు చూడండి. రంగు కింద ఉంటే రుద్ది చూడండి. ఆ తరువాత పదహారేళ్ళు నా సొరుగులో ఒక గుడ్డముక్క, చిన్న సీసాలో థిన్నరు ఉండేవి. సబ్హాన్ పారిశ్రామికవాడ గోడౌన్లలో దుమ్ము కొట్టుకున్న బళ్ళ మీద కూడా అదే పని చేశాను. నంబర్లు నోటికి రావడం తప్పు కాదు. నోటికి వచ్చినదాన్ని కూడా పేజీ తెరిచి చూసుకోవాలి.

ఇంకొకటి. పార్టు తిరిగి పట్టుకొచ్చిన మెకానిక్కును పూర్తిగా మాట్లాడనివ్వండి. ఆయన రెక్కల బండి అని చెప్పబోయారు. ఇంకో మూడు అక్షరాలు ఆగి ఉంటే ఆ పిల్లకు కుట్లు పడేవి కావు.

సూర్యారావు గారు ఊరెళ్ళి చాలాకాలమైంది. కొబ్బరి మళ్ళీ కాస్తోంది. నేను ఉద్యోగం మానేసిన వారం ఫోన్ చేసి, ఇన్నేళ్ళూ అడగలేనిది అడిగాను. ముస్తఫా రెండుసార్లు అడిగినా నా పేరు ఎందుకు చెప్పలేదు అని. ఆయన, "ఆయ్, మీ ఆరోగ్యం ఎలా ఉందండి? ఇంట్లో మీవారు బాగున్నారా అండి?" అన్నారు. మళ్ళీ అడిగాను. ఈసారి తోటలో ఎలుకల బెడద గురించి చెప్పారు.

అందుకే ఇక్కడ రాస్తున్నాను. వాళ్ళ మనవలెవరైనా చదివి వినిపిస్తారేమోనని. సూర్యారావు గారూ, ఆ రెండు రోజులూ నేనే వెళ్ళి చెబుతానని నన్ను నమ్మి ఊరుకున్నారా, లేక మేడమ్ మాట ముందు మీ మాట ఎవరూ నమ్మరని ఊరుకున్నారా?